బస్సు కరెంటుకు కాపలా: ఖమ్మం–భద్రాచలం దారిలో తొమ్మిది దశాబ్దాలు

బస్సులో బ్యాటరీ నుంచి బయలుదేరే తీగకు కాపలా ఉండాలన్న పట్టింపు తెలుగునేల మీదికి బస్సుతో పాటే రాలేదు. ముందు దీపాలు వచ్చాయి, తర్వాత సెల్ఫ్ స్టార్టరు, ఆ తర్వాత టీవీ, ఇన్వర్టరు వచ్చాయి. వాటి తీగలకు తగిన ఫ్యూజు, స్విచ్చి, తొడుగు మాత్రం ప్రతిసారీ ఆలస్యంగానే వచ్చాయి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి చింతూరు, కుంట వైపు అడవిలోకి సాగే దారిలో ఆ ఆలస్యానికి మూల్యం ఎక్కువ. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, వరదల్లో రోడ్ల మీదికి వచ్చే గోదావరి, శబరి నీళ్లు, మధ్యలో మెకానిక్కు దొరకని దూరాలు. తీగ నాణ్యత ఎంతో ఇలాంటి దారిలోనే తేలిపోతుంది.

ఈ దారిలో బస్సు చరిత్ర రెండు ప్రభుత్వాల కింద మొదలైంది. గోదావరికి ఈవల నిజాం రాజ్యం, ఆవల మద్రాసు ప్రెసిడెన్సీ. ఖమ్మం అప్పట్లో వరంగల్ జిల్లాలో ఒక భాగం, భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా కింద ఉండేది. నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. ప్రభుత్వమే బస్సులు నడపడానికి దేశంలో కనిపించే తొలి ఉదాహరణల్లో అదొకటి. ఆవలి ఒడ్డున బస్సులు ప్రైవేటు యజమానులవి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం ప్రాంతం అందులో కలిసింది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి వంతెనను ప్రారంభించేదాకా బస్సు ఒడ్డు దగ్గర ఆగేది, ప్రయాణికులు పడవెక్కి ఏరు దాటేవారు. కొత్తగూడెం రైల్వే స్టేషనుకు భద్రాచలం రోడ్ అన్న పేరు ఉండటం కూడా ఆ కాలపు ప్రయాణానికి గుర్తే.

ఆనాటి బస్సులో కరెంటు చాలా కొద్ది. ముందు రెండు పెద్ద దీపాలు, వెనక ఒకటి, లోపల గుడ్డి వెలుతురిచ్చే ఒకటో రెండో బల్బులు. ఇంజనుతో పాటు తిరిగే డైనమో బ్యాటరీని నింపేది. డైనమోకు ఒక బలహీనత ఉంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే దాని వోల్టేజి పడిపోతుంది, అప్పుడు కరెంటు బ్యాటరీ నుంచి వెనక్కి డైనమోలోకి పారి, లోపలి తీగచుట్ట కాలిపోతుంది. దాన్ని అడ్డుకోవడానికి పెట్టిన చిన్న రిలేని మెకానిక్కులు కటౌట్ అనేవారు. బస్సు కరెంటుకు దొరికిన తొలి కాపలాదారుల్లో అదొకటి. గుంతల్లో, వాగుల్లో మెల్లగా నడిచే అడవి దారిలో కటౌట్ మాటిమాటికీ పడుతూ లేస్తూ ఉండేది, దాని పాయింట్లు అరిగిపోయేవి. బ్యాటరీ చాలని రోజున ముందు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పి ఇంజను లేపేవారు. రెండో ప్రపంచయుద్ధం నాటి పెట్రోలు కొరతలో కట్టెబొగ్గు నుంచి తీసిన గ్యాసుతో బస్సులు నడిచాయి. బొగ్గు బస్సు అన్న మాట పెద్దతరం నోట చాలాకాలం నిలిచింది.

ఫ్యూజు ఆ కటౌట్ కన్నా పాతది. థామస్ ఎడిసన్ తన దీపాల వ్యవస్థ కోసం 1890లోనే ఫ్యూజుకు పేటెంటు తీసుకున్నాడు. కానీ పాత బస్సుల్లో ఫ్యూజు పెట్టెలో ఉండేవి నాలుగైదు గాజు గొట్టాలో, పింగాణీ ముక్కలో. హారన్‌కు ఒకటి, దీపాలకు ఒకటి. బ్యాటరీ నుంచి ఆ పెట్టె దాకా వచ్చే లావు తీగకు ఏ ఫ్యూజూ ఉండేది కాదు. ఆ తీగ నూలు అల్లిన రబ్బరు తొడుగులో వచ్చేది. ఇంజను వేడికి, నూనెకు రబ్బరు పెళుసుబారి రాలేది, ఎలుకలు నూలును కొరికేవి. దారిలో ఫ్యూజు పోతే దగ్గరలో కొత్తది దొరకదు. సిగరెట్ పెట్టెలోని వెండిరంగు కాగితాన్ని చుట్టి, లేదా ఏ తీగలోంచో రాగి పోగులు రెండు మూడు పీకి మెలిపెట్టి కట్టేవారు. దీపం వెలిగేది, బస్సు ఊరు చేరేది. కానీ 10 ఆంపియర్లకు తెగవలసిన చోట 50 ఆంపియర్లు పారినా తెగని ముక్క ఒకటి ఆ పెట్టెలో మిగిలిపోయేది, తర్వాత దాన్ని మార్చాలన్న గుర్తు ఎవరికీ ఉండేది కాదు. ఊరు చేరితే చాలన్న అవసరం ఆ అలవాటును పుట్టించింది. అవసరం తీరినా అలవాటు పోలేదు.

1951లో నిజాం కాలపు శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. టాటా, అశోక్ లేలాండ్ డీజిల్ ఛాసిస్‌లు వచ్చాయి. డీజిల్ ఇంజనును తిప్పడానికి బలమైన స్టార్టరు కావాలి, అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసలో కలిపి 24 వోల్టులు చేశారు. డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చింది, నెమ్మదిగా నడిచినా బ్యాటరీ నిండటం మొదలైంది. డిపోల్లో బ్యాటరీ గది ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటరు పోయడం, హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లు యాసిడ్ సాంద్రత చూడటం, 1.250 దాటితే నిండిందని, 1.150కి దిగితే డీలా పడిందని రాసుకోవడం, టెర్మినళ్లను వేడినీళ్లతో కడిగి వాసెలిన్ రాయడం. ఈ శ్రద్ధ ఆర్టీసీకి గొప్ప బలం. వేసవిలో నీరు త్వరగా ఆవిరయ్యే ఈ జిల్లాలో బ్యాటరీ ఎన్నేళ్లు పనిచేస్తుందో ఆ గదిలోని మనిషి నిర్ణయించేవాడు అంటే అతిశయోక్తి కాదు. అయితే శ్రద్ధంతా బ్యాటరీ మీదే. దాని నుంచి బయలుదేరే తీగ మీద అంత లేదు.

అసలు మార్పు వీడియో కోచ్‌తో వచ్చింది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది, రంగుల టీవీ దేశంలోకి ప్రవేశించింది, వీసీఆర్ కొద్ది ఏళ్లలోనే పట్టణాలకు, పల్లెల్లోని వీడియో హాళ్లకు చేరింది. దూరప్రయాణపు ప్రైవేటు బస్సులు డ్రైవరు వెనక ఒక చెక్కపెట్టెలో టీవీ బిగించి రాత్రంతా సినిమాలు వేశాయి. 1990లలో ఆర్టీసీ హైటెక్ బస్సుల్లోనూ అది మామూలైంది. టీవీకి 230 వోల్టుల ఏసీ కావాలి, బస్సులో ఉన్నది 24 వోల్టుల డీసీ. మధ్యలో ఇన్వర్టరు వచ్చి కూర్చుంది. బస్సు లోపల ప్రాణం తీయగల వోల్టేజి నడవడం ఇక్కడి రోడ్ల మీద అప్పుడే మొదలైంది.

టీవీ, వీసీఆర్ కలిపి వాడేది ఓ 150 వాట్లు, అంటే 24 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్ల లోపు. ఆ మాత్రానికి కొత్త తీగ ఎందుకని చాలామంది లోపలి దీపాల తీగకే ఇన్వర్టరును కలిపారు. 12 వోల్టుల ఇన్వర్టరు చౌకగా దొరికితే రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగారు. ఈ రెండో పని బ్యాటరీలకు చేటు చేసింది. రెండింటిలో ఒకటే ఖాళీ అవుతుంది, కానీ ఆల్టర్నేటరు రెండింటినీ కలిపే నింపుతుంది. ఖాళీ అయినది ఎప్పుడూ సగమే నిండుతుంది, రెండోది నిండిపోయాక కూడా ఛార్జి తీసుకుంటూ ఉడుకుతుంది, హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో ఆ వాయువు 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. డ్రైవరు సీటు కింద గాలి ఆడని పెట్టెలో బ్యాటరీ పెట్టిన బస్సుల్లో ఇది ఊహకు మాత్రమే అందే ముప్పు కాదు.

ఇదే కాలంలో ఇళ్లలోనూ ఇన్వర్టరు పాకింది. అప్పటి చిత్తూరు జిల్లా కరకంబాడి దగ్గర 1985లో మొదలైన అమరరాజా వంటి సంస్థలతో బ్యాటరీల తయారీ తెలుగు నేలకే వచ్చింది. కరెంటు కోతల ఏళ్లలో మండల కేంద్రాల్లో కూడా ఇన్వర్టరు బిగించే మనుషులు తయారయ్యారు. పనిలో చాలామంది నేర్పు గొప్పది, కానీ నేర్చుకున్నది ఇంటి వైరింగు. ఇంట్లో తీగ కదలదు, బస్సులో ప్రతి క్షణం అదురుతుంది. ఇంట్లో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు పదేళ్లు నిలుస్తుంది, బస్సులో నెలల్లో వదులవుతుంది. వదులైన జాయింటు వేడెక్కుతుంది, వేడికి మరింత వదులవుతుంది. ఇంటి కరెంటును తెంచే ఎంసీబీ స్విచ్చిని తెచ్చి బ్యాటరీ తీగలో పెట్టడం మరో పొరపాటు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, స్విచ్చి విడివడినప్పుడు పుట్టే మెరుపు ఆ సున్నాలో చల్లారుతుంది. డీసీలో సున్నా అనేదే లేదు. మెరుపు సాగుతూనే ఉంటుంది, కాపలా కోసం పెట్టిన డబ్బాయే కాలుతుంది.

పాత బస్సును పూర్తిగా వేరే పనికి మార్చడం తెలుగు రాష్ట్రాల్లో కరోనా ఏడాదిలో పెద్ద ఎత్తున జరిగింది. 2020లో తెలంగాణ ఆర్టీసీ పాత బస్సుల సీట్లు తీసేసి కార్గో బండ్లు చేసింది. హైదరాబాద్‌లో కొన్ని బస్సులు మహిళల సంచార మరుగుదొడ్లయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంద్ర ఏసీ బస్సులు సంజీవిని పేరుతో కరోనా పరీక్షల కేంద్రాలయ్యాయి. 2021 మేలో రాజమహేంద్రవరం ప్రాంతంలో వెన్నెల స్లీపర్ బస్సుల్లో ఆక్సిజన్ పడకలు వేశారు. ఆక్సిజన్ ఎక్కువైన గాలిలో మామూలుగా ఆరిపోయే నిప్పురవ్వ కూడా మంటవుతుంది కనుక, అలాంటి బస్సులో ఒక్క వదులు జాయింటు కూడా ఉండకూడదు. ప్రజలకు ఆసరా అయిన ఈ మార్పిడులు బస్సు కరెంటు గురించి పాత ప్రశ్ననే కొత్త పరిమాణంలో ముందుకు తెచ్చాయి. ఫ్యాను, ఫ్రిజ్, ల్యాబు పరికరం, వంట పొయ్యి నడిపే ఇన్వర్టరు ఏడు ఆంపియర్లతో ఆగదు.

లెక్క చూస్తే సంగతి తేలుతుంది. 2000 వాట్ల ఇన్వర్టరు నిండు లోడుతో నడిస్తే 24 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 95 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ దిగేకొద్దీ 100 దాటుతుంది. అదే 12 వోల్టులైతే రెట్టింపు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. అందుకే మార్చిన బస్సుకు 24 వోల్టులే మేలు. దానికి 35 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి కేబులు, 125 ఆంపియర్ల ఫ్యూజు సరిపడే జోడీ. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి తీగకు అంత కరెంటు ఇస్తే 70 డిగ్రీల దాకానే తట్టుకునే పీవీసీ తొడుగు చూస్తుండగానే కరుగుతుంది. ఫ్యూజు ఇన్వర్టరును కాపాడటానికని చాలామంది అనుకుంటారు. ఇన్వర్టరు తన సంగతి తాను చూసుకోగలదు, ఫ్యూజు కాపాడేది తీగను. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు ఏ కాపలా లేదు కాబట్టి ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు ఎంత దగ్గరుంటే అంత మంచిది. అమెరికాలో పడవల వైరింగు ప్రమాణం దీనికి మామూలుగా 7 అంగుళాల హద్దు పెట్టింది. పడవకూ బస్సుకూ ఈ విషయంలో తేడా లేదు.

ఇంకో సూక్ష్మం ఎక్కువమంది మరిచేది. ఇన్వర్టరుకు వేరే బ్యాటరీ పెడితే, ఇంజను బ్యాటరీ నుంచి దానికి వేసే కేబులుకు రెండు చివరలా కరెంటు ఉంటుంది. ఒక చివర ఫ్యూజు పెడితే సగం కాపలానే. ఛాసిస్ మీద ఆ కేబులు నలిగితే ఒక ఫ్యూజు తెగినా రెండో బ్యాటరీ మంటకు ఆజ్యం పోస్తూనే ఉంటుంది. రెండు చివరలా ఫ్యూజు ఉండాలి. బ్యాటరీ రకాన్ని బట్టి ఫ్యూజు కూడా మారాలి. లిథియం బ్యాటరీ షార్టయితే సీసం బ్యాటరీ కన్నా చాలా ఎక్కువ కరెంటు విడుదల చేస్తుంది. దాన్ని తెంచడానికి 20,000 ఆంపియర్ల దాకా ఆపగల టీ తరగతి ఫ్యూజు వాడతారు, చిన్నరకం ఫ్యూజు తెగినా లోపల మెరుపు ఆగదు.

బస్సు నేల రేకులో కేబులు దిగే రంధ్రం దగ్గర ఒక్క నిమిషం వంగి చూస్తే పనివాడి మనసు తెలుస్తుంది. డ్రిల్లు చేసిన రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. దానికి రబ్బరు గ్రోమెట్ వేసి, కేబులును ముడతల గొట్టంలో నడిపి, జానెడు జానెడు దూరానికి క్లాంపు బిగించినవాడు పదేళ్ల ముందు చూపున్నవాడు. గ్రోమెట్ లేకపోతే అదురుకు రేకు తొడుగును రోజుకింత కోస్తుంది. చింతూరు దాకా గుంతల దారిలో తిరిగే బస్సుకు ఆ కోత పూర్తవడానికి ఒక వానాకాలం చాలు. కేబులు చివరి లగ్గును సుత్తితో కొట్టి నొక్కడం కాక, హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కి మీద హీట్ ష్రింక్ తొడగడం, బ్యాటరీ పెట్టెను వరదనీరు అందని ఎత్తులో, బయటి గాలి ఆడేలా పెట్టడం కూడా ఇంతే ముఖ్యం.

ఇన్వర్టరు అవతలి వైపు 230 వోల్టులది మరో కథ. బస్సు రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. లోపల ఒక లైవ్ తీగ రేకుకు తగిలితే లోపలున్నవారికి ఏమీ తెలియదు. ఆ తర్వాత ఆ రేకునూ, తొడుగు ఊడిన రెండో తీగనూ ఒకేసారి తాకిన మనిషి గుండా కరెంటు దారి వెతుక్కుంటుంది. ఇన్వర్టరు ఎర్తును ఛాసిస్‌కు కలిపి, న్యూట్రల్‌ను ఒకే చోట ఎర్తుకు కట్టి, దాని తర్వాత, లీకైన కరెంటును పసిగట్టి తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే ఆ దారి క్షణంలో మూసుకుంటుంది.

ఈ సంగతులన్నీ నిబంధనల్లో లేనివి కావు. ఐరోపా దేశాలు రూపొందించుకున్న ఐక్యరాజ్యసమితి 107వ నిబంధన బస్సుల్లో స్టార్టరు వంటి కొన్ని తప్ప ప్రతి సర్క్యూటుకూ ఫ్యూజో బ్రేకరో ఉండాలంటుంది. బ్యాటరీ గది ప్రయాణికుల నుంచి వేరుగా, బయటి గాలి ఆడేలా ఉండాలంటుంది. 100 వోల్టులు దాటిన సర్క్యూట్లను తెంచే స్విచ్చి డ్రైవరు చేతికి అందాలంటుంది. భారతదేశపు బస్ బాడీ కోడ్ ఏఐఎస్-052 కూడా ఇదే బాటలో వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతి లేకుండా బండిని మార్చడాన్ని నిషేధించింది. నిబంధనలు ఉన్నా మంటలు ఆగలేదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బైకును ఢీకొన్న స్లీపర్ బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఈ రెండు మంటలూ తీగల్లో పుట్టినవి కావు, ఢీకొనడం వల్ల పుట్టినవి. అయినా కర్నూలు మంట పెరగడానికి బస్సులోని బ్యాటరీలు కూడా కారణమని అగ్నిమాపక అధికారులు చెప్పారు. మంట మొదలయ్యాక బస్సులో కరెంటు ఎక్కడ ఆగుతుంది, ఎవరి చేతితో ఆగుతుంది అన్న ప్రశ్న అప్పుడే అందరికీ గుర్తొస్తుంది.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఆటో ఎలక్ట్రీషియన్లలో మంచి పనివాళ్లకు కొదవ లేదు. వారికి అందవలసింది డీసీ పనిలో పద్ధతైన శిక్షణ, రవాణా శాఖ తనిఖీలో తీగలనూ ఫ్యూజులనూ విప్పి చూసే పట్టింపు. మార్పిడికి దొరికే బస్సులూ మారుతున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి, రక్షణ, శాంతిభద్రతల వాహనాలు తప్ప, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను కొనసాగదు. ఆర్టీసీ బస్సులకూ ఇది వర్తిస్తుంది, అవి నమోదైన స్క్రాపింగ్ కేంద్రాలకే వెళ్లాలి.